తాళం వేసిన ఎరువుగుంట

నేను ఒక పేడతట్టను. ముక్కు మూసుకోకండమ్మా, ఇప్పుడు నా దగ్గర వాసనేమీ లేదు. మిగిలిందల్లా సిగ్గే. అది చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మేదరి సింగమ్మ వెదురు చీల్చి, బద్దలు నానబెట్టి నన్ను అల్లింది. అప్పట్లో నాకు గర్వం జాస్తి. అంచు సమంగా నింపితే ఎన్నిసార్లు కొలిచినా ఒకటే లెక్క వస్తుందని మహా మిడిసిపడేదాన్ని. వీరరాఘవమ్మగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, రెండు శేర్ల పెసలు కొలిచి ఇచ్చి ఇంటికి తెచ్చుకుంది. మొగుడు పోయాక ఏడు గేదెల పాడిని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆవిడ. దేన్నీ నమ్మదు, కొలతని తప్ప.

నన్ను మోసింది మాత్రం సువార్త. పాత చీరపేలిక చుట్టకుదురు చేసుకుని, నన్ను నెత్తిన పెట్టుకుని, కొట్టం దగ్గర్నుంచి ఊరిచివర దిబ్బదాకా నడిచేది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పేడ ఎత్తుతున్న చెయ్యి ఆమెది. చలికాలం పొద్దున్నే తట్ట దిబ్బమీద బోర్లించి, దిబ్బలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి వెచ్చ చేసుకునేది. "కుంపటి మింగిందే ఇది!" అని నవ్వేది. దిబ్బ మీంచి సన్నగా ఆవిరి లేచేది. నేను పక్కనే ఉండి చూసేదాన్ని. చూశానని గుర్తుంచుకోండి. నా సిగ్గంతా అక్కడే ఉంది.

తట్ట పడ్డప్పుడల్లా రాఘవమ్మగారు కొట్టం గోడమీద బొగ్గుతో ఒక గీత గీయించేది. పిడకలకి పోగా, ఒక ఏడు వానాకాలం నుంచి సంక్రాంతి దాటేదాకా నూట ఇరవై గీతలు. ఎండలు ముదిరాక ఎరువు పొలానికి తోలబోతూ మళ్లీ నాతోనే కొలిపించింది. యాభై రెండు తట్టలు తేలాయి.

పొద్దున పాలకోసం చెంబులు పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ గేదె తాడు చేతిలో పట్టుకునే అడిగింది.

"ఏమే సువార్తా, నూట ఇరవై వేశాం. యాభై రెండే ఉన్నాయి. మిగతావి గాల్లో కలిసిపోయినయ్యా?"

"నాకేం తెలుసమ్మగారూ. దిబ్బ ఎప్పుడూ కుంగుతానే ఉంటది గదా."

"ఇంత కుంగుతుందా? మీ ఇంటిమీది చిక్కుడుపాదు ఈ ఏడు అంత ఏపుగా ఎట్లా పాకిందో చెప్పు మరి!"

"గిన్నెలు కడిగిన నీళ్లమ్మా. బియ్యం కడిగిన నీళ్లు."

చెంబులవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. సువార్త నన్ను నెత్తిమీంచి దించింది, దులిపింది, గోడకి ఆనించింది. చుట్టకుదురు విప్పి చీరపేలిక భుజాన వేసుకుంది. "తట్ట మీదే గదమ్మా, దాన్నే అడగండి" అని వెళ్లిపోయింది.

నన్నే అడగమంది తల్లి. నాకు తెలుసు, ఆ ఆవిరీ తెలుసు, ఆ వేడీ తెలుసు. అయినా నోరు లేదు. ఉన్న ఒక్క గుణం కొలవడం, దాంతోనే ఆమెని దొంగని చేశాను. ఆ తర్వాత ఆ వీధిలో మరే ఇంట్లోనూ సువార్తని పనికి పిలవలేదు. పాల చెంబులు పది వీధులు తిరుగుతాయి, వాటితోపాటే మాటలూ.

రాఘవమ్మగారు అక్కడితో ఆగలేదు. ఇంకెవరూ కాజేయకుండా పెరట్లోనే గుంట తవ్వించింది. చుట్టూ గోడ, రేకు తలుపు, తాళం. తాళంచెవి మొలలో. నలభై తట్టలు తనే దగ్గరుండి వేయించి, నలభై గీతలు తనే గీసింది. మరుసటి ఎండాకాలం తలుపు తీసి, చీర ఎగ్గట్టి తనే కొలిచింది.

పద్దెనిమిది.

మళ్లీ కొలిచింది. పద్దెనిమిదే. "ఈ దిక్కుమాలిన తట్ట సాగిపోయింది" అని నన్ను కాలితో తన్నింది. నా బతుకులో న్యాయంగా తిన్న తన్ను అదొక్కటే.

కోడలు సుహాసిని కాలేజీలో సైన్సు చదువుకున్న పిల్ల. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"అత్తయ్యా, మీరు ఏడాదికి ఎన్ని బస్తాల బియ్యం తింటారు?"

"నా తిండి లెక్కబెడుతున్నావా?"

"ఒక బస్తా అనుకుందాం. మరి ఏటా బస్తా బరువు పెరుగుతున్నారా? అదంతా ఏమైపోతోంది?"

రాఘవమ్మగారు ఎగ్గట్టిన చీర దించుకుని గుంట అంచున కూర్చుంది.

"గేదె తిన్న గడ్డి అంతా పాలూ పేడా అవదు అత్తయ్యా. ఒళ్లు వెచ్చగా ఉంచుకోడానికీ, నడవడానికీ, ఊపిరి పీల్చి వదలడానికీ చాలా ఖర్చయిపోతుంది. దిబ్బలోనూ కంటికి కనపడని పురుగులు కోట్లుంటాయి. గడ్డి దాచుకున్న ఎండ శక్తిలో పేడలో మిగిలింది వాటికి తిండి. అవీ తింటాయి, ఊపిరి వదుల్తాయి, వేడి పుట్టిస్తాయి. కొంత అణుగుతుంది, కొంత నీరు ఆవిరవుతుంది, కొంత ఆ ఊపిరిగా పోతుంది. పోయింది మళ్లీ ఏ ఆకో పీల్చుకుంటుంది."

"ఊపిరి కనపడుతుందా ఏం, నమ్మడానికి?"

"కనపడుతుంది. ఊపిరి తగిలితే సున్నపు తేటమీద తెల్లటి పొర కడుతుంది, మీ తాంబూలం సున్నం ఇటివ్వండి."

సున్నం నీళ్లలో కలిపి, అడుగున తేరాక పై తేటని రెండు సాసర్లలో పోసింది. ఒకటి గుంట పక్కన చేరిన కొత్త పేడకుప్పమీద, ఒకటి అరుగుమీద. రెంటిమీదా ఒకే రకం గిన్నెలు బోర్లించింది. సాయంత్రం తీసి చూస్తే అరుగుమీదిది ఇంచుమించు తేటగానే ఉంది. పేడమీది దానిపై మీగడలా తెల్లటి పొర కట్టింది. గొట్టంతో ఊదిన నిప్పులాగా రాఘవమ్మగారి మొహం ఎర్రబడింది. పేడమీద అరచెయ్యి ఆనించి ఆ వెచ్చదనం చూసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి గోడమీద గీతలన్నీ తుడిచేసింది.

గీతలు తుడిస్తే పోయే మాటా అది?

మర్నాడు పద్దెనిమిది తట్టల్లోంచి ఒక తట్ట మంచి ఎరువు నాలో నింపుకుని, నన్ను తన నెత్తిన పెట్టుకుని సువార్త ఇంటికి నడిచింది. ఆవిడ నెత్తిన పేడతట్టని చూడడం ఊరికి అదే మొదలు. నాకు ఆ తల మీద కూర్చోడం ముళ్లమీద కూర్చున్నట్టుంది.

"అయ్యో అమ్మగారూ, మీరు మొయ్యడమేంటి!" అంది సువార్త చిక్కుడుపందిరి కిందనుంచి లేస్తూ.

"నువ్వు తియ్యలేదే సువార్తా. నాదే తప్పు."

సువార్త నన్ను దించుకోలేదు. "నలుగురి ముందూ అన్నారమ్మా. ఇప్పుడు నా గుమ్మంలో, నా చెవిలో చెప్తున్నారు. నా చెవికి ముందునుంచీ తెలుసు నేను తియ్యలేదని."

రాఘవమ్మగారు నన్ను మోసుకునే వెనక్కి వచ్చింది. ఆ రాత్రి ఏమనుకుందో నాకు తెలియదు. పొద్దున పాల చెంబులన్నీ వచ్చాక నన్ను వాకిట్లో పెట్టి, పక్కన నిలబడి గట్టిగా అంది:

"ఒసే వినండే అందరూ. తాళం వేసిన గుంటలో నలభై వేశాను, పద్దెనిమిది వచ్చాయి. తాళంచెవి నా మొలలోనే ఉంది. నిరుడు సువార్తని దొంగన్నాను. ఈ ఏడు దొంగ ఎవరో చెప్పండి." ఎవరూ నవ్వలేదు. "సువార్త తియ్యలేదు. నేను తెలియక నోరు జారాను. ఈ మాట కూడా పది వీధులూ మోసుకుపోండి."

సువార్త మళ్లీ ఆ కొట్టంలో అడుగు పెట్టలేదు. పక్క ఊళ్లో పని దొరికిందట. ఆ తట్టెడు ఎరువు మాత్రం సుహాసిని తీసుకెళ్తే పుచ్చుకుందట, "చిక్కుడుకి కోపం లేదులే" అని.

ఇదిగో, నా అడుగు ఊడిపోయింది. నన్ను ఆ పెరటిగుంటలోనే పడేశారు. వెదురుగా ఉన్నప్పుడు గాల్లోంచీ ఎండలోంచీ తెచ్చుకున్నదంతా ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాను. లోపల ఒళ్లంతా వెచ్చగా ఉంది. రేపు ఎండాకాలం ఎవరైనా తవ్వి చూస్తే నాలో సగం కూడా ఉండను. అప్పుడు మాత్రం, మీకు పుణ్యముంటుంది, మిగతా సగం ఏదని ఏ ఆడమనిషినీ అడక్కండి. ముందు చెయ్యి పెట్టి చూడండి.