పుర్రచేతి ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. నా మూలంగా ఒక అమ్మాయి చదువు ఆగిపోబోయింది. నేను ఆమె చేతి మీద పడినందుకు కాదు, పడనందుకు. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా పుట్టుక చెప్పాలి. తొందరగానే ముగిస్తాను.

రాజమండ్రిలో ఒక ఇరుకు సందులో ముద్రలు చేసే మస్తాన్ గారు నన్ను చెక్కారు. నాకు ముందు ఆయన చేతుల్లో పుట్టినవన్నీ గంభీరమైన జాతి. ‘చెల్లించబడినది’, ‘తిరస్కరించబడినది’, ‘అసలుకు సరియైన నకలు’. నన్ను చేయించడానికి వచ్చిన మనిషి మాత్రం కొట్టు ముందు నిలబడి గాల్లోకి ఎగిరి చూపించాడు.

“ఇదిగోండి, ఇలా ఎగురుతూ ఉండాలి. కుడి చెయ్యి పైకి. ఆ చేతిలో బంతి.”

“బంతేంటండీ, గుమ్మడికాయంత చూపిస్తున్నారు?”

“బాస్కెట్‌బాల్ అండి. కింద కాలేజీ పేరు వద్దు. చెమటకి అక్షరాలు అలుక్కుపోతాయి. బొమ్మ చాలు.”

ఆయన పేరు జోగిరాజు. గోదావరి కాలవ పక్కనున్న ఒక చిన్న ఊరి కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పిల్లలు పీడీ గారు అంటారు. ఆయన జట్టు బాగా ఆడేది. చూసేవాళ్లే ఉండేవారు కాదు. మ్యాచ్ ఉందని ఆఖరి గంట పాఠం రద్దు చేస్తే, పిల్లలు ఆ గంటను జేబులో వేసుకుని ఇళ్లకు పోయేవారు. గ్యాలరీ మెట్ల మీద వాచ్‌మన్, ఆయన టిఫిను డబ్బా కోసం వచ్చిన రెండు కాకులు మిగిలేవి.

అప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆట చూసినవాళ్లకే ఆఖరి గంట హాజరు. గేటు దగ్గర మణికట్టు మీద ముద్ర వేయించుకోవాలి. మర్నాడు పొద్దున్న క్లాసులో చెయ్యి చూపిస్తే లెక్చరరు హాజరు వేస్తారు. ఆ పని కోసమే నేను పుట్టాను.

ఆట చూడండర్రా అని బతిమాలితే రానివాళ్లు హాజరిస్తామనగానే వరస కట్టారు. వచ్చి కూర్చుని, బంతి ఎటు పోతోందో తెలియకపోయినా అరిచారు. కొన్నాళ్లకి తెలిసే అరవడం మొదలుపెట్టారు. ఆ మార్పు వాళ్లకు తెలియకుండానే జరిగింది. నాకు మాత్రం గేటు దగ్గరే తెలిసిపోయేది. మొదట్లో వేళ్లాడేసి చాచిన చేతులు తర్వాత తర్వాత తొందరపడేవి.

నన్ను ఎప్పుడూ ఎడమ చేతి మణికట్టు లోపలి వైపే వేసేవారు. కుడి చేతికి వేస్తే రాత్రి సగం పులుసన్నంలోకి, మిగతా సగం చెయ్యి కడిగిన నీళ్లలోకి పోతాను కదా. నన్ను తెల్లారేదాకా కాపాడుకోవడానికి హాస్టలు పిల్లలు మణికట్టుకు పాలిథిన్ కవరు కట్టుకుని స్నానం చేసేవారు. ఇళ్లలో తల్లులు, “చెయ్యి అలా పైకెత్తి ఏం స్నానంరా అది, పోలీసోడు పట్టుకున్నట్టు!” అని తిట్టేవారట.

హాజరు ఉన్న చోట దొంగ హాజరు ఉంటుంది. ముందు బంగాళాదుంప మీద నన్ను చెక్కి చూశారు. ఆటగాడు ఎగురుతున్న గేదెలా వచ్చాడు. తర్వాత కాస్త తెలివైనవాళ్లు బయల్దేరారు. తడి ఆరని ముద్ర ఉన్న చేతిని ఇంకొకడి చేతికి అద్దడం. నేను చక్కగా దిగేవాణ్ని, కానీ అద్దంలో బొమ్మలా తిరగబడి. బంతి కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మారిపోయేది. మొదటి దొంగ దొరికినప్పుడు పీడీ గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

“ఒరేయ్, మన టీములో పుర్రచేతోడు ఎవడున్నాడ్రా?”

ఆ రోజు నుంచి దొంగ ముద్రకు పుర్రచేతి ముద్ర అని పేరు పడింది. లెక్చరర్లందరూ బంతి ఏ చేతిలో ఉందో చూశాకే హాజరు వేసేవారు. పుర్రచేతి ముద్రతో దొరికితే ఆ హాజరు పోతుంది, దాంతోపాటు ఆ వారం హాజరూ పోతుంది.

ఇలా ఉండగా మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. చుట్టుపక్కల కాలేజీలన్నిటి పోటీ, ఆట మా కోర్టులోనే. ప్రిన్సిపాల్ గారు ఆనందం పట్టలేక నోటీసు పెట్టించారు. ఫైనల్ చూసినవాళ్లకు రోజంతా హాజరు. పరీక్షల ముందు, సగం కాలేజీకి హాజరు చాలని రోజుల్లో పెట్టిన నోటీసు అది. ఆ సాయంత్రం గేటు ముందుకు ఆటంటే ఇష్టమున్నవాళ్లు వచ్చారు, ఆటంటే గిట్టనివాళ్లు వచ్చారు, ఏడాదిగా ఎవరికీ కనపడనివాళ్లూ వచ్చారు.

ముద్ర వెయ్యాలి కాబట్టి గేటు ఒక రెక్కే తీశారు. ఒక్కొక్కరే దూరాలి. లోపల సిమెంటు మెట్లు పాతవి. అవి నిండగానే పీడీ గారు నన్ను పైకెత్తి పట్టుకుని, “ఇంక అయిపోయిందమ్మా, వెళ్లిపోండి” అన్నారు. సరిగ్గా అప్పుడు ముందున్న అమ్మాయి సువార్త. కెమిస్ట్రీ రెండో సంవత్సరం, హాస్టలు పిల్ల.

“సార్, నాకు హాజరు చాలదండి. టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్లు మంచం మీదున్నానండి. పరీక్షకి కూర్చోనివ్వకపోతే హాస్టలు సీటు పోద్దండి. ఒక్కదాన్నేనండి సార్.”

“ఒక్కదాన్నే అని అందరూ అంటారమ్మా. మెట్లు కూలితే నేనేం చెప్పను?”

ఆయన మాటలో అబద్ధం లేదు. గేటు మూసి గడియ పెట్టి, ఆడపిల్లల వైపు కాపలా ఉన్న వాలంటీర్ హైమను పిలిచారు. వాలంటీర్లకు ముద్ర ఆఖర్న వేస్తారు. హైమ చాచిన ఎడమ చేతి మీద నన్ను గట్టిగా ఒత్తి, “గేటు మూశాక పురుగుని వదిలినా నీ హాజరు కూడా పోతుంది, గుర్తుపెట్టుకో” అని చెప్పి, నన్ను జేబులో వేసుకుని కోర్టు వైపు పరిగెత్తారు.

ఆ తర్వాత నేనేమీ చూడలేదు. జేబులో చీకటి. గేటు వైపు నుంచి ఒక పెద్ద అరుపు వచ్చింది, వెంటనే ఆట మొదలైన ఈల దాన్ని మింగేసింది. మా జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. అది కూడా పీడీ గారి గుండె జేబు పక్కనే కొట్టుకుంటోంది కాబట్టి తెలిసింది.

మర్నాడు పీడీ గారి గదిలో బల్ల మీద ఉన్నాను. హైమ వాలంటీర్ల బ్యాడ్జీలు తిరిగివ్వడానికి వచ్చింది. అంతలో కెమిస్ట్రీ లెక్చరరు మహలక్ష్మి మేడం సువార్తను వెంటబెట్టుకుని లోపలికొచ్చారు.

“జోగిరాజు గారూ, మీ పుర్రచేతోడు మళ్లీ వచ్చాడండి. చూడండి ఈ పిల్ల చెయ్యి. మధ్యాహ్నానికి హాజరు లెక్క ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుండాలి. ఈ లోపల తేల్చండి.”

పీడీ గారు చూశారు. నేనూ చూశాను. బంతి ఎడమ చేతిలో ఉంది. నేను ఎన్నడూ ముట్టని చేతి మీద నా బొమ్మ!

“నిన్న నిన్ను గేటు బయటే ఆపేశాను కదమ్మా?”

“అవునండి.”

“మరి ఇదెక్కడిది?”

సువార్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఎవరి చెయ్యి అద్దించుకున్నావో చెప్పు. ఆ పేరు చెబితే నీకు కాస్త తగ్గిద్దాం” అన్నారు మేడం.

“నేనెవర్నీ అద్దమనలేదండి. కానీ ఆట చూశానండి మేడం.”

“గేటు మూస్తే ఎలా వెళ్లావ్? ఎగిరెళ్లావా?”

“చూశానండి. ఆఖరి బంతి రింగు మీద తిరిగి తిరిగి బయట పడిందండి.”

“అది ఊరంతా చెప్పుకుంటోందే!”

సువార్త పీడీ గారి వైపు ఓసారి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

“అందరూ కోర్టులోకి దిగి మనోళ్లని ఓదారుస్తున్నప్పుడు సారు స్తంభం చాటుకెళ్లి ఈల తాడుతో కళ్లు తుడుచుకున్నారండి.”

మేడం పీడీ గారి వంక చూశారు. పీడీ గారు కిటికీ వంక చూశారు. ఆ స్తంభం వెనక భాగం గ్యాలరీ చివరి మెట్టు మీంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కనపడదు.

“లోపలే ఉంది మేడం” అన్నారాయన. “ఎలా వచ్చిందో తెలియాలి.”

నన్ను తీసి తన మణికట్టు మీద వేసుకున్నారు. ఆ తడి ముద్రను కాగితానికి అద్దారు. పుర్రచేతోడు దిగాడు, శుభ్రంగా, కాళ్లూ చేతులూ సమంగా. కాగితాన్ని సువార్త చెయ్యి పక్కన పెట్టి చూశారు. ఆమె చేతి మీద ఆటగాడి కాళ్లు మోచేతి వైపు సాగిపోయి ఉన్నాయి, ఎవరో పట్టుకుని ఈడ్చినట్టు.

“ఇది అద్దింది కాదండి మేడం. అద్దితే ఇలా సాగదు. ఇద్దరు మనుషులు ఒకళ్ల మణికట్టు ఒకళ్లు పట్టుకుని లాగినట్టుంది. హైమా, ఇటు రామ్మా. నీ చెయ్యి ఓసారి ఇయ్యి, లాగి చూద్దాం.”

హైమ కదల్లేదు. ఆమె ఎడమ చెయ్యి ఓణీ చెంగు కింద ఉంది. ఆ చెయ్యి మీద నన్ను ఒత్తింది నిన్ననే. ఏం జరిగిందో ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. నోరు లేని బతుకు ఎంత బరువో కూడా తెలిసింది.

“ఆ అమ్మాయెందుకండీ!” అంది సువార్త గబగబా. “నేనే అద్దుకున్నానండి. దొంగ ముద్రేనండి. అలాగే రాసెయ్యండి.”

“ఏంటే? ఇందాక కాదన్నావ్, ఇప్పుడు అవునంటున్నావ్. ఏడాది పోతుంది, తెలుస్తోందా?”

“తెలుసండి మేడం. రాసెయ్యండి.”

మేడం పెన్ను మూత తీశారు. సువార్త గోడ వంక చూస్తూ నిలబడింది.

“ఆగండి మేడం” అంది హైమ. చెంగు తీసి చెయ్యి బల్ల మీద పెట్టింది. నా ముద్ర సగమే ఉంది. బంతి వేళ్ల వైపు తోకచుక్కలా సాగిపోయింది.

“గేటు మాత్రం తియ్యలేదండి సార్. గోడెక్కి చూస్తే ఈ అమ్మాయి కింద పడిపోయుందండి. వెనకాలోళ్లకి తెలవట్లేదు, తోసుకుంటూనే ఉన్నారు. నా కళ్ల ముందే ఒకడు దీని వీపు మీద కాలేసి గేటెక్కబోయాడండి. ‘చెయ్యియ్యవే’ అని అరిచాను. కుడి చేత్తో ఊచ పట్టుకుని ఎడం చేత్తో లాగానండి. లాగి మెట్ల మీద పడేశాను. అంతేనండి.”

మహలక్ష్మి మేడం సువార్త జాకెట్టు పొడుగు చేతిని పైకి జరిపారు. మోచెయ్యంతా గీసుకుపోయి ఉంది. మెడ కింద వీపు మీద జడ పక్కకు తీస్తే నల్లగా కమిలిన గుర్తు, చెప్పు అంచు ఆకారంలో.

“నా తల్లీ... ముందే చెప్పొచ్చు కదే!”

“చెబితే హైమ హాజరు పోద్దన్నారు కదండీ సారు. రాత్రంతా హాస్టల్లో నాకు కాపడం పెడతా కూర్చుందండి.”

“నేను పొద్దున్నే చెబుదామనుకున్నానండి” అంది హైమ. “భయమేసింది.”

పీడీ గారు కుర్చీలో కూలబడ్డారు. తన మణికట్టు మీది ముద్రను బొటనవేలితో రుద్దుకున్నారు.

“గేటు మూశాక గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశానండి మేడం. అవతల ఎవరున్నారో ఒక్కసారి చూడలేదు.”

మేడం సువార్తకు హాజరు వేశారు. హైమకూ ఉంచారు. ఎవరూ ఎవరికీ క్షమాపణలు చెప్పుకోలేదు. పీడీ గారు ప్యూన్‌ని పిలిచి, “ఈ ఇద్దరికీ టీ తీసుకురా. బన్ను కూడా” అని మాత్రం అన్నారు.

అదే మధ్యాహ్నం ఆయన నన్ను జేబులో వేసుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లారు.

“ఆటకి హాజరివ్వడం ఆపేద్దామండి.”

“ఆపేస్తే ఎవరొస్తారండీ?”

“వచ్చేవాళ్లే వస్తారండి. గేటు రెండు రెక్కలూ తీసిపెడతాను. గ్యాలరీ నిండితే కోర్టు పక్కన చాపలేస్తాను.”

తర్వాతి మ్యాచ్ నాడు గుంపు లేదు, తోపులాట లేదు. అలవాటు కొద్దీ నేను ఆయన జేబులోనే ఉన్నాను. కాసేపటికి తెలిసిన గొంతులు రెండు వినబడ్డాయి. హైమ ఏదో అంటే సువార్త పకపకా నవ్వుతోంది. గేటు దగ్గరకు రాగానే అడుగులు ఆగాయి. సువార్త ఎడమ చెయ్యి చాచి ఉంటుంది. పీడీ గారి వేళ్లు జేబులోకి వచ్చి నన్ను పట్టుకున్నాయి, ఒక్క క్షణం ఆగి, వదిలేశాయి.

“ముద్ర లేదమ్మా ఇవాళ. హాజరూ లేదు. తెలుసు కదా?”

“తెలుసండి. మనోళ్లు ఈసారైనా గెలుస్తారేమో చూద్దామనండి.”

“మరి నిలబడిపోయారేం? పదండి, మొదలైపోతోంది.”

ఇప్పుడు నా చోటు ఆయన బల్ల సొరుగు. గాలి పోయిన బంతి బ్లాడరూ, ఊదితే మోగని ఈల నాకు తోడు. రబ్బరు గట్టిపడి అంచులు పగిలాయి. నా కింద సిరా డబ్బా ఎప్పుడో ఎండిపోయింది. సాయంత్రాలు కోర్టులో బంతి నేలకు కొట్టుకునే చప్పుడు వస్తుంది, ఆ వెనకే జనం అరుపు. కొన్ని రోజులు పెద్దగా, కొన్ని రోజులు పల్చగా. ఎంతమంది వచ్చారో లెక్క ఎవరి దగ్గరా లేదు. మధ్యలో ఎవరైనా ఆలస్యంగా పరిగెత్తుకుంటూ వస్తే, గేటు దగ్గర ఆ అడుగులు ఆగకుండా లోపలికి పోవడం వింటూ ఉంటాను.