చక్కెర నీళ్ల సూది

ఓదెమ్మకు స్టెరాయిడ్ సూది, తనకేమో చక్కెర నీళ్ల సూది! కళావతికి ఒళ్లు మండిపోయింది.

తోడికోడళ్లిద్దరూ శాంతి నగర్‌లో ఒకే ఇంట్లో ఉంటారు, ఓదెమ్మ పైన, కళావతి కింద. ఏళ్ల తరబడి మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ ఇద్దరికీ ఒకే జబ్బు పట్టుకుంది. మణికట్టు దగ్గర నరం నలిగి, వేళ్లు తిమ్మిరెక్కి, చాయ్ గ్లాసు కూడా చేతిలో నిలవదు. ధామన్కర్ నాకాలో ఉన్న డాక్టరు దగ్గరికి ఒకే ఆటోలో వెళ్లారు. ఒకే ఆటోలో వెళ్లినవాళ్లకు ఒకే సూది ఇవ్వాలి కదా అన్నది కళావతి న్యాయం.

"నాకు షుగరున్నదని చెప్తె నాకే చక్కెర నీళ్లు గుచ్చుతడా? మంచి మందు దానికి, నీళ్లు నాకా?" అంటూ ఇంటికి రాగానే భర్త విఠల్ మీద విరుచుకుపడింది.

"స్టెరాయిడ్ ఇస్తె నీకు షుగర్ పెరుగుతదట. గీ నీళ్లు రవ్వంతనే, నరం చుట్టు పోస్తరట. ఎంబడే కాదు గని మెల్లగ పనిచేస్తదన్నడు గదా."

"మెల్లగ అంటే ఎప్పుడు? పిల్ల పెండ్లయినంకనా?"

అసలు బాధ అదీ. కూతురు మేఘన పెళ్లి దగ్గర పడింది. పెళ్లి సకినాల్లో మొదటిది పెళ్లికూతురి తల్లే చుట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కళావతికి చెయ్యి ఆడకపోతే ఆ పీట మీద చిన్నమ్మ ఓదెమ్మ కూర్చుంటుంది.

వారం తిరక్కుండానే ఓదెమ్మ వేళ్లు ఆడాయి. ఆమె మెట్ల మీద కూర్చుని చకచకా చిక్కుడుకాయలు తుంచుతుంటే కళావతి కళ్లల్లో నిప్పులు పోసుకుంది. పొద్దున లేస్తే తన చెయ్యి కాదు, ఓదెమ్మ చెయ్యే చూసేది. ఆ తిమ్మిరి తిరిగి రావాలని దేవుడికి మొక్కింది కూడా.

సకినాల రోజు ఆడవాళ్లంతా తెల్లబట్ట పరిచి చుట్టూ చేరారు. కళావతికి తిమ్మిరి కొంత తగ్గింది గానీ వేళ్లకు పట్టు రాలేదు. పీటను ముందుకు జరిపి, "ఓదెమ్మా, నువ్వే కూసో" అంది.

ఓదెమ్మ పిండిముద్ద తీసుకుంది. వేళ్లు వణికాయి, ముద్ద జారి బట్ట మీద పడింది.

"అయ్యో! మళ్ల తిమ్మిరొచ్చిందక్కా. గా సూది పని అయిపోయినట్లున్నది. నువ్వే చుట్టు."

దేవుడు విన్నాడు! కళావతి పీట మీద కూర్చుని పళ్లబిగువున మొదటి సకినం చుట్టింది. అది వంకరటింకరగా వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు. "చూసినవా, నా చక్కెర నీళ్లే నయం!" అని విఠల్‌కు వినబడేలా అంది. ఆ రోజంతా ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

మర్నాడు పరామర్శ నెపంతో మెట్లెక్కింది. ఓదెమ్మ పాడైన చేతిని కళ్లారా చూసుకోవాలని ఆమె ఆశ. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఓదెమ్మ మేఘన పెళ్లి రవికెకు పూసలు కుడుతోంది. సన్నటి సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించింది. వేళ్లలో వణుకన్నదే లేదు.

కళావతి తలుపు తోసింది. తలుపు కిర్రుమనగానే ఓదెమ్మ రవికెను గబుక్కున దిండు కింద దోపింది.

"చెయ్యి ఎట్లున్నదే?" అని అడిగింది కళావతి.

"గట్లనే ఉన్నదక్కా. తిమ్మిరి పోతలేదు" అంటూ ఓదెమ్మ మణికట్టు నొక్కుకుంది.

కళావతి మెట్లు దిగింది. ఇన్నాళ్లూ ఓదెమ్మ సూదిని చూసి కుళ్లుకుంది, ఇప్పుడు ఆమె మనసును చూసి అంతకంటే ఎక్కువ కుళ్లుకుంది.