ఏకాదశి గీత

సంయుక్త పప్పులో తిరగమోత వేస్తుండగా భర్త సాయినాథ్ వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఉరుకుంద తువ్వాళ్లకు ఆఖరు తేదీ ఎప్పుడు పెట్టినావు?"

"తొలి ఏకాదశికి. నిన్ననే అయిపోయింది," అంది ఆమె, ఆవాల చిటపటల మధ్య గొంతు పెంచి.

"కాశప్ప ఇంకొన్ని కావాలంటాండాడు. రేపు షెడ్డుకు వస్తాడంట."

ఇల్లు ఆదోనిలో, మగ్గాల షెడ్డు ఎమ్మిగనూరులో. శ్రావణమంతా ఉరుకుంద ఈరన్న జాతరకు వచ్చేవాళ్లు కొనే తువ్వాళ్లు ఆ షెడ్డులోనే నేస్తారు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరు ఎప్పుడు అడిగినా మామ ఇంద్రసేనయ్య సరేననేవాడు. మగ్గమెక్కిన పడుగును, ఆ నిలువు దారాలను, మధ్యలో కోసి ఇంకొకరిది ఎక్కించేవాళ్లు. చివరికి ఎవరి సరుకూ జాతరకు అందేది కాదు. సంయుక్తే కూర్చుని ఆలోచించింది. నూలుకు రంగు వేయాలి, ఆరాలి, పడుగు పట్టాలి, నేయాలి. శ్రావణం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఏకాదశి దగ్గర గీత గీసింది. ఆ లోపల అడిగినవాళ్లకు జాతర సరుకు, దాటినవాళ్లకు తర్వాతి నెల. అప్పటి నుంచీ ఒక్క మూట ఆలస్యం కాలేదు. "మా పద్ధతి అది," అని సాయినాథ్ వ్యాపారులకు చెప్పుకునేవాడు. మరి ఆమె సంగతేమిటని ఎవరైనా అడిగితే, "ఇంట్లో పొద్దుపోక చూస్తాంటాది," అనేవాడు. నిజానికి ఆమెకు పొద్దు చాలేది కాదు. అందరూ తిని, గిన్నెలు కడిగి, పొయ్యి తుడిచాక కూడా ఎవరో ఒకరు వేడిగా దోసె పోయమనేవారు. షెడ్డులో గీత గీయగలిగిన మనిషికి వంటింట్లో గీత ఎక్కడ గీయాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆలూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాన్న పోయాక జాకెట్లు కుట్టి కూతుర్ని పెంచిన శాంతకుమారి, ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

"పాపా, కుడికంట్లో సగం నల్లగుడ్డ కప్పినట్ల ఉండాది. ఈడ డాక్టరు కర్నూలుకు తొందరగా పొమ్మంటాండాడు. ఒక్కదాన్నే పోవాలంటే భయమైతాంది. నువ్వొస్తావా?"

అన్నాలప్పుడు సంయుక్త ఆ మాట ఎత్తింది. సాయినాథ్ ముద్ద కలుపుతూనే అన్నాడు: "మీయమ్మ ఏకాదశి దాటినాక అడిగింది కదా. వచ్చే నెలలో పెట్టుకో. నీ రూలే కదా అది."

మామకు పొలమారేంత నవ్వొచ్చింది. నీళ్లందిస్తూ సంయుక్త కూడా నవ్వింది. నవ్వకపోతే, తమాషాకు అంటే కూడా ముఖం ముడుచుకుంటుందంటారని నవ్వింది.

మర్నాడు షెడ్డులో, జాతరలో తువ్వాళ్లమ్మే కాశప్ప చేతులు జోడించాడు. "ఈ ఒక్కసారికి సూడమ్మా. నీ చేతిలోనే ఉండాది."

"కుదరదన్నా. పడుగులెక్కినాయి."

"సూస్తాది లే అన్నా," అన్నాడు సాయినాథ్, అతని భుజం తట్టి. "యాడికి పోతాది?"

ఆమె గీసిన గీతను అతను అరచేత్తో తుడిచేశాడు. ఏ పడుగు కోయాలో, ఏ రంగు ఆపాలో, ఎవరిని బతిమాలాలో మళ్లీ ఆమే చూసుకోవాలి. "ఇదొకటి అయిపోనీమ్మా," అని ఆలూరుకు ఫోన్ చేసింది. "అట్లే కానీలే," అంది అమ్మ. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

కాశప్ప మూటలు లారీకెక్కాకే సంయుక్త అమ్మను తీసుకుని కర్నూలు పోయింది. కంటి వెనక పొర పూర్తిగా ఊడిపోయిందని డాక్టరు చెప్పింది.

"మొదట్లోనే వచ్చుంటే అతికించేవాళ్లం. ఇంక ఆ కంటికి చూపు రాదు."

నూలు ఆరడానికి ఎన్నాళ్లు పడుతుందో సంయుక్తకు తెలుసు. అమ్మ కంటికి ఎన్నాళ్లు గడువుందని మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఆలూరు బస్సులో అమ్మే ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనే గట్టిగా అడగలేదులే పాపా. నీకు పనుండె కదా."

అమ్మ ఇంటికి చేరి కాళ్లు కడుక్కుంటుండగా సాయినాథ్ ఫోన్. "కాశప్పకు మళ్లీ కావాలంట. ఏ మగ్గం ఖాళీ చేయల్లో మాకు తెలీడంలే. సాయంత్రానికి వచ్చేయి." అమ్మ కన్ను ఏమైందని అడగలేదు. ఆమె జవాబు చెప్పే లోపలే ఆ పక్కనున్న మనిషితో అంటున్నాడు, "వస్తాది లే అన్నా. యాడికి పోతాది?"

సంయుక్త ఫోన్ పెట్టేసింది.

కిటికీ వెలుతురులో అమ్మ జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం సూది పక్కనుంచి పోతోంది. మళ్లీ తడిచేసి, మళ్లీ పక్కకే పోనిస్తోంది. సంయుక్త చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నేనే నేర్చుకోవల్ల పాపా. రేపు నువ్వు పోయినాక ఎవరెక్కిస్తారు?"

సంయుక్త చాప మీద ఆమె పక్కనే కూర్చుంది.

"నిదానంగా నేర్చుకోమ్మా," అంది. "నేను యాడికీ పోను."