ఎలుగ్గొడ్డు ఎప్పుడొస్తాదవ్వా?

రెండువేల రెండో సంవత్సరంలో, గోరంట్లలో ఎరువుల అంగడి మిద్దె మీద ఈశ్వరప్ప నడిపే కేబుల్ టీవీలో, ఆదివారం మాపటేల "గుండె లోతు" అని ఒక కార్యక్రమం వచ్చేది. దాన్ని నడిపేవాడు దేవేంద్ర. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టినాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చునే దానికంటే మనుషుల మనసుల్లోకి తల పెట్టి చూడటం మేలనుకున్నాడు. వాళ్ళ నాయనతో కొట్లాడి వచ్చి ఈశ్వరప్ప దగ్గర చేరినాడు.

అద్భుతంగా బతికినోళ్ళను కెమెరా ముందర కూర్చోబెట్టి లోతుగా మాట్లాడించాలని దేవేంద్ర ఆశ. అందుకోసమని హైదరాబాదు టీవీలు చూసి చూసి ఒక భాష నేర్చుకున్నాడు. మామూలుగా "యాడికి పోతాండావన్నా" అనే మనిషి, కెమెరా మీద ఎర్రలైటు వెలిగితే చాలు, తల ఒక పక్కకు వాల్చి, "ఆ క్షణాన మీ మనసు పొరల్లో ఏం కదలాడింది?" అనేవాడు. ఎదురుగా కూర్చున్నాయన బెదిరిపోయి దిక్కులు చూసేవాడు. కెమెరా వెనకనుంచి ఈశ్వరప్ప, "అప్పుడు నీకేమనిపించిందన్నా అంటాండాడు" అని అర్థం చెప్పేవాడు.

నాలుగు నెల్లు బాగనే జరిగింది. నాటకాల్లో రాక్షస వేషాలు కట్టి కట్టి, ఇంట్లో మజ్జిగ అడిగినా పక్కింటి పిల్లోళ్ళు ఉలిక్కిపడి ఏడ్చే గొంతు వచ్చేసిన గంగాధరప్ప వచ్చినాడు. గాలివానకు రేకుల పాక లేచిపోతే, పాకతో బాటు తనూ లేచిపోయి పక్కూరి చెరుకు గానుగ కాడ దిగిన ఆంజినమ్మ వచ్చింది. ఆ తర్వాత అద్భుతంగా బతికినోళ్ళు అయిపోయినారు. పోయిన ఆదివారం వచ్చినాయన జీవితంలో జరిగిన గొప్ప సంగతి ఒకసారి బెంగుళూరు బస్సు ఎక్కబోయి బళ్ళారి బస్సు ఎక్కడం.

"దేవేంద్రా, ఈ సీమలో బోరు ఎంత లోతు ఏసినా నీళ్ళు పడవు. నువ్వేమో మనుషుల్లో లోతు ఎతుకుతాండావు" అన్నాడు ఈశ్వరప్ప. "వచ్చే ఆదివారానికి మంచి మనిషిని పట్టుకురా. ల్యాకుంటే ఆ గంట సినిమా పాటలు ఏసుకుంటా."

దేవేంద్ర సైకిలు తీసుకోని పల్లెలు పట్టి తిరిగినాడు. కొండకింద పల్లెలో టీ అంగడి కాడ ఎవరో చెప్పినారు: "మా బయమ్మవ్వ ఎలుగ్గొడ్డుతో ముఖాముఖి కూర్చున్న మనిషి. కావాల్నంటే అడుగు పో."

ముఖాముఖి అనే మాట వింటానే దేవేంద్రకు ఒళ్ళు పులకరించింది.

బయమ్మ ఇంటి అరుగు మీద కూర్చోని చెనక్కాయలు ఒలుస్తాంది. మొగుడు నారాయణ పక్కనే గోడకు ఆనుకోని ఉన్నాడు. వాళ్ళకు ముప్పై ఎకరాల మెట్ట ఉండాది. వాన పడిన ఏడు వాళ్ళు పెద్ద రైతులు, పడని ఏడు ఒట్టి పెద్ద మనుషులు.

"ఎలుగుబంటి సంగతి నిజమేనా అవ్వా?"

"అబద్ధం చెప్పేకి నాకేం పనప్పా?"

"టీవీలో చెప్తావా?"

బయమ్మ ఒలిచిన గింజలు చాటలో ఏసి, చీర కొంగుతో మొగం తుడుచుకునింది. "చెప్తా. కానీ నడమ నడమ అడ్డం రాకూడదు. నాకు తిక్క రేగుతాది."

దేవేంద్ర నారాయణ వైపు చూసినాడు. నారాయణ ఆకాశం వైపు చూసినాడు.

ఆదివారం మాపటేల ఈశ్వరప్ప జీపు పంపించి మొగుడు పెండ్లాలను పిలిపించినాడు. బయమ్మ కొత్త చీర కట్టుకోని కుర్చీలో సర్దుకొని కూర్చునింది. నారాయణ పక్క కుర్చీలో ఒళ్ళో టవలు పెట్టుకోని కూర్చున్నాడు. ఎర్రలైటు వెలిగింది. దేవేంద్ర తల వాల్చినాడు.

"బయమ్మగారూ, ఒక వన్యమృగం మీ ఎదుట నిలిచిన ఆ క్షణాన మీ అంతరంగంలో..."

"ఏమప్పా, మెడ పట్టేసిందా? మొన్న బాగనే ఉంటివే!"

దేవేంద్ర తల నిలబెట్టుకున్నాడు. "ఎలుగుబంటి గురించి చెప్పండమ్మా."

"చెప్తా. ఎలుగ్గొడ్డు సంగతి తెలియాలంటే సంగటి సంగతి తెలియాల. సంగటి సంగతి తెలియాలంటే నా ఇత్తడి తపేలా సంగతి తెలియాల. ఆ తపేలా మా జేజినాయన పెండ్లికి పామిడి నుంచి వచ్చింది. ఆ పెండ్లి కత యాడ మొదలైందంటే..."

గంట అయిపోయింది. పెండ్లికొడుకు ఇంకా ఎద్దుల బండిలోనే ఉన్నాడు. బండి చక్రం ఏట్లో ఇసుకలో దిగబడింది. పెండ్లికూతురోళ్ళ మేనమామ ఇదే సందని అలిగి, తుమ్మచెట్టెక్కి కూర్చున్నాడు. దిగి రాల్నంటే మొదట నూనెతో తల అంటాల్నంటాడు. దేవేంద్ర గోడ గడియారం చూసి, "మిగతాది వచ్చే ఆదివారం" అని దండం పెట్టినాడు. పోయింది నా ఉద్యోగం అనుకున్నాడు.

పోలేదు. ఫోన్లు మొదలైనాయి. ఆ మేనమామ చెట్టు దిగినాడా ల్యాదా అని అందరికీ కావాల. సోమవారం టీ అంగట్లో అదే మాట. మంగళవారం సంతలో అదే మాట. ఈశ్వరప్ప ఎరువుల అంగడాయనతో, "ఎలుగ్గొడ్డు రాకముందే ఇట్ల ఉంటే, వచ్చినాక ఎట్లుంటాదో!" అని చేతులు రుద్దుకున్నాడు.

రెండో ఆదివారం మేనమామ దిగినాడు. జేజినాయన పెండ్లి అయింది. బయమ్మ నాయన పుట్టినాడు. బయమ్మ పుట్టింది. ఆమెకు మశూచి వచ్చి తగ్గింది. నడమ ఒకసారి ఫోను మోగితే దేవేంద్ర ఎత్తినాడు. బస్టాండు కాడి ఎస్టీడీ బూతునుంచి ఎవరో తిమ్మన్న.

"అవ్వా, దుడ్లు పెట్టి ఫోను చేస్తాండా. ఎలుగ్గొడ్డు ఎప్పుడొస్తాది?"

"యాడ నాయనా! నాకింకా పెండ్లే కాలేదు. ఎలుగ్గొడ్డు పుట్టనే ల్యా" అనింది బయమ్మ.

"నారాయణ తాతన్నా వచ్చినాడా?"

"వచ్చే వారం వస్తాడు."

పక్క కుర్చీలో నారాయణ టవలుతో మొగం తుడుచుకున్నాడు.

ఆ వారంలో ఊర్లో రెండు పార్టీలు లేచినాయి. ఎలుగ్గొడ్డు ఉత్త అబద్ధమని ఒక పార్టీ, అవ్వ దాన్ని రోకలితో కొట్టి చంపిందని ఇంకో పార్టీ. మంగలి షాపులో ఈ మాట మీద కొట్లాట పెట్టుకోని, ఒకాయన సగం మీసంతో లేచి ఇంటికి పోయినాడు. దేవేంద్ర దారిలో నడుస్తాంటే ముక్కు మొగం తెలియనోళ్ళు పట్టుకోని, "నువ్వేం మనిషివప్పా, గట్టిగా అడగేకి రాదా?" అని తిట్టబట్టినారు. వాడికి నిద్ర పట్టల్యా. లోతుగా మాట్లాడించాలనుకున్నాడు గానీ, అవ్వ లోతుకు అడుగే కనపడల్యా.

మూడో ఆదివారం వీధులు ఖాళీ అయినాయి. టీవీలు ల్యానోళ్ళు ఉన్నోళ్ళ ఇండ్లల్లో కూర్చున్నారు. బయమ్మకు పెండ్లయింది. కాపురానికి వచ్చింది. ఏండ్లు గడిచినాయి. కండ్లకు శుక్లాలు వచ్చినాయి.

"ఆ పొద్దు దినమంతా ముసురు పట్టింది. మునిమాపున నేను పొయ్యి కాడ సంగటి కెలకతాండా. మా ఇంటాయన చేనుకు పోయినాడు, నల్ల కంబళి కప్పుకోని. కండ్లు సరిగ్గా ఆనవు. కరెంటు ల్యా. వాకిట్లో చప్పుడైంది. నల్లగా, పెద్దగా, తడిసిపోయి..."

దేవేంద్ర కుర్చీ అంచుకు జరిగినాడు. ఈశ్వరప్ప కెమెరాను ముందుకు తెచ్చినాడు. పైన ఫ్యాను ఒకసారి మూలిగి నిలబడిపోయింది. ఎర్రలైటు ఆరిపోయింది. ఊరంతా కరెంటు పోయింది.

కిటికీలోంచి "ఓ..." అని ఊరు మొత్తం అరిచిన అరుపు వినపడింది.

"అవ్వా, ఆపు, ఆపు!" అన్నాడు ఈశ్వరప్ప.

"అడ్డం రావద్దంటిని గదా" అనింది బయమ్మ. కిటికీలోంచి పడే మసక వెలుగులో ఆమె ఆగకుండా చెప్పుకుంటా పోయింది.

"మా ఇంటాయనే వచ్చినాడనుకున్నా. 'కంబళి కుక్క కంపు కొడతాంది, బయట ఏసిరా' అన్నా. ఏయల్యా. నాకు తిక్క రేగింది. పీట ఏసినా. కూర్చునింది. తట్టలో సంగటి, నంజుకునేకి చెనక్కాయల ఊరిబిండి పెట్టినా. తింటాంటే ఎదురుగా కూర్చోని అంతా అడిగేసినా. నన్నడక్కుండా ఎద్దులెందుకమ్మినావు? మా తమ్ముడొస్తే ఏంటికి మొగం తిప్పుకుంటావు? నేను మాట్లాడితే ఆకాశంలో నీకేం కనపడతాది? అన్నిటికీ 'ఊ' కొట్టింది. నేనొక మాట అంటే అది 'ఊ'. ఇంకో మాట అంటే ఇంకో 'ఊ'. పెండ్లయినప్పటినుంచి ఈయప్ప ఎప్పుడూ అట్ల ఊ కొట్టింది ల్యా. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఇన్నాళ్ళకు నా మాట చెవికెక్కింది గదా అని భుజం మీద చెయ్యేసినా."

"చెయ్యేసినావా!" దేవేంద్ర గొంతు కీచుమనింది. టీవీ భాష యాడికి పోయిందో వాడికే తెలియదు.

"ఏసినా. కంబళి ఇంత మందమేందబ్బా అనుకున్నా. తట్ట తీసేకి వంగితే గోర్లు తగిలినాయి. 'ఏమప్పా, గోర్లు ఇంత పెంచినావు, మనిషివా ఏమన్నానా?' అని బుడ్డి అంటించి చూస్తి. ఎలుగ్గొడ్డు."

"అరిచినావా? ఎగిరి దూకినావా?"

"ఏంటికి దూకేది? సగం తింటాండాది. తినేవాళ్ళను లేపేకి నాకు నోరు రాలేదు. ఇంకో ముద్ద పెట్టినా. ఊరిబిండి బాగుండాదేమో, తట్ట శుభ్రంగా నాకింది."

దేవేంద్ర మెల్లగా నారాయణ వైపు తిరిగినాడు. "మరి నువ్వు యాడున్నావు తాతా?"

మూడు ఆదివారాల్లో నారాయణ నోరు తెరవడం అదే మొదలు.

"వాకిట్లోనే ఉన్నా."

"చూసినావా?"

"చూసినా."

"చూసి అరవల్యా?"

"అరిచినా. 'ఒసేయ్, ఎలుగ్గొడ్డు!' అని గట్టిగా అరిచినా. 'ఎవరప్పా అది, పక్కింటి ఈరప్పా? తర్వాత రా, మా ఇంటాయనతో మాట్లాడతాండా' అనింది. ఇంగోసారి అరిచినా. 'మేం మొగుడు పెండ్లాలం మాట్లాడుకుంటాంటే నడమ నీకేం పని?' అని తిట్టింది. గొడ్ల పాకలోకి పోయి కూర్చున్నా."

ఈశ్వరప్ప కెమెరా పట్టుకోనే కింద కూలబడి నవ్వినాడు. దేవేంద్ర నవ్వు ఆపుకోలేక కిటికీ కాడికి పోయినాడు. కింద చూస్తే వీధి నిండా జనం. మిద్దె మెట్లు ఎక్కేసి వస్తాండారు. ముందర తిమ్మన్న.

"ఏమైంది? ఎలుగ్గొడ్డు ఏం చేసింది? మాకు చెప్పకుండా మీరే వింటారా?"

"వచ్చే ఆదివారం మళ్ళీ చెప్పిస్తా" అన్నాడు ఈశ్వరప్ప.

"నేను చెప్పను" అనింది బయమ్మ. "చెప్పడం అయిపాయె. చెప్పిందే చెప్పేకి నాకు బుద్ధి పుట్టదు."

జనం గోల పెట్టినారు. ఎవరో ఈశ్వరప్ప చొక్కా పట్టుకున్నారు. ఇంక దారి ల్యాక దేవేంద్ర మెట్ల మీద నిలబడి, గొంతు సవరించుకోని, అలవాటు కొద్దీ తల వాల్చి మొదలు పెట్టినాడు. "ఆ వర్షపు సంధ్యవేళ, ఒక స్త్రీ హృదయంలో..."

"రేయ్, తెలుగులో చెప్పు!" అని అరిచినారు కిందనుంచి.

దేవేంద్ర ఒక్క క్షణం బిక్కమొగం ఏసినాడు. ఆ మీద లుంగీ ఎగ్గట్టి మెట్టు మీద గొంతుకూర్చున్నాడు. "ఏమప్పా, కంబళి కుక్క కంపు కొడతాంది!" అని బయమ్మ గొంతుతో అన్నాడు. ఎదురు మెట్టు మీదికి దూకి, భుజాలు వంచి, "ఊ" అన్నాడు. మళ్ళీ ఇటు దూకి ఎద్దుల సంగతి అడిగినాడు. అటు దూకి "ఊ" అన్నాడు. ఆ తర్వాత దేవేంద్ర అడిగిన ప్రతిదానికీ వీధి వీధంతా "ఊ" కొట్టబట్టింది. ధర్మవరం మగ్గాల ఇంటి మనిషి గోరంట్ల మెట్ల మీద చెమటలు కక్కుతా ఎలుగ్గొడ్డయినాడు, మొగుడైనాడు, పెండ్లామైనాడు. పాకలో కూర్చున్న నారాయణ కాడికి వచ్చేసరికి ఒక ముసలాయన నవ్వలేక కడుపు పట్టుకోని మురిక్కాలవలో జారి పడినాడు. నయం, అది ఎండిన కాలవే.

బయమ్మ పై మెట్టు మీద నిలబడి చూసింది. "నేను అంత లావుగా లేను" అనింది గానీ, కోపం తెచ్చుకోల్యా.

అంతా అయినాక తిమ్మన్న పైకి చూసి అడిగినాడు. "అవ్వా, అది మళ్ళీ వచ్చిందా?"

దేవేంద్రకు ఆ సంగతి అడగాలనే తట్టలేదు. తిరిగి చూసినాడు. బయమ్మ కొంగు సర్దుకునింది.

"మర్నాడు అదే టయానికి వచ్చింది నాయనా. వాకిలి దాంకా వచ్చింది. ఆ పొద్దు ఈయప్ప ఇంట్లోనే ఉన్నాడు. పీట మీద కూర్చోని ఉన్నాడు. నేను మాట్లాడతాండా. అది తల పెట్టి లోపలికి చూసింది. చోటు ల్యాదనుకుందో ఏమో, తిరుక్కోని కొండకు పోయింది. మళ్ళీ రాల్యా. నాకు చానా బాధేసింది."

నారాయణ టవలు దులిపి భుజాన ఏసుకున్నాడు.

"నాగ్గూడా" అన్నాడు.