తెల్లచుక్క

మధుసూదన్ కుంచె కొసను పెదవుల మధ్య తిప్పి మొన తెచ్చి, ఫొటోలో పెళ్లికూతురి నుదుటి పక్కనున్న తెల్లచుక్క మీద ఆనించాడు. చుక్క పోయింది. నెగెటివ్ మీద దుమ్ము పడితే ప్రింటు మీద తెల్లచుక్క వస్తుంది. దాన్ని సిరాతో పూడ్చడం రెజిమెంటల్ బజార్‌లోని ఆ స్టూడియోలో అతని పని. తన పెళ్లినాటికే ఆ సిరాకు అతని కింది పెదవి నల్లబడింది. భార్య సుబ్బులు ఎంత తోమించినా పోలేదు.

ముందు గదిలో కొత్త కంప్యూటర్ ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల గుర్తింపు కార్డుల ఫొటోలన్నీ అందులోనే చేస్తారు. అక్కడ చుక్కలు మౌస్‌తో పోతాయి.

"మధన్నా, నీ డార్క్‌రూమ్ ఇగ ఈ చైనా మేడం మీదనే ఉంది," అన్నాడు పాత యజమాని కొడుకు వేణుమాధవ్. "ఖుష్ అయితే మిగిలిన ప్రింట్లన్నీ మనకే ఇస్తదట. లేకుంటే ఆ గదిల ఇంకో కంప్యూటర్ పెడ్త. జెర ఆ నల్ల లిప్‌స్టిక్ తుడుసుకో, బెదురుతది."

"మీ నాయన సుత గదే అంటుండె."

చైనా చిత్రకారిణి యున్ లాన్ మౌలాలి గుట్ట రాళ్లను ఫొటో తీసింది. మధుసూదన్ చేత్తో పెద్ద ప్రింటు వేసి ఇచ్చాడు. ఆమె దాన్ని హోటలుకు తీసుకెళ్లి, తమ దేశపు సిరాతో దానిపై బొమ్మ వేసి, ఆ పొద్దున ఫ్రేముకు ఇచ్చి వెళ్లింది. ఉన్నది అదొక్కటే. సాయంత్రం బెంగళూరు రైలు. అక్కడ ప్రదర్శన.

వేణుమాధవ్ భోజనానికి వెళ్లాక మధుసూదన్ బొమ్మను బల్ల మీద పరిచాడు. కింద రాళ్లు. పైనంతా సిరా. ఆ సిరా నిండా తెల్లచుక్కలు. చుక్క ఉన్న ప్రింటు అతని చేతి మీదుగా ఏనాడూ బయటికి పోలేదు. హోటలు గదిలో దుమ్ము పడి అక్కడక్కడ సిరా అంటలేదు, వెలుతురు చాలక చూసుకోలేదేమో, పాపం అనుకున్నాడు. ఒక్కొక్కటే పూడ్చాడు. తెచ్చిన టీ చల్లారిపోయింది.

సాయంత్రం యున్ లాన్ వచ్చి బొమ్మ చూసింది. వంగి మళ్లీ చూసింది. వేణుమాధవ్‌తో ఇంగ్లీషులో ఏదో అంది. అతని ముఖం పాలిపోయింది.

"ఏందీ మధన్నా, గిట్ల చేసినవ్? ఆ చుక్కలు మేడం కావాలనే ఇడిసిందట. వాటి సుట్టు సిరా పూసిందట."

"దుమ్మనుకున్న."

మధుసూదన్ నల్లమచ్చలు గీకే బ్లేడు తీశాడు. పూడ్చిన ఒక చుక్క మీద గీకాడు. పూత లేచిపోయి కాగితం పీచు బయటపడింది. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"నో," అంది. గొంతులో కోపం లేదు. ఆమె గోళ్ల అంచులు నల్లగా ఉన్నాయి. అతని పెదవి కేసి చూసి, చెయ్యి వదిలేసింది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

"తప్పయిందని చెప్పు వేణూ. ఇంగ్లీషుల చెప్పు."

"చెప్పిన. ట్రైన్‌కు టైమైందట."

బొమ్మ బల్ల మీదే ఉండిపోయింది. మధుసూదన్ కుంచె కడిగి, తుడిచి, జేబులో పెట్టుకుని ఇంటికి కాప్రా బస్సెక్కాడు. మర్నాడు రాలేదు. వేణుమాధవ్ కబురు పెట్టలేదు.

కంప్యూటర్ కోసం డార్క్‌రూమ్ ఖాళీ చేసినప్పుడు ఆ బొమ్మ గోడకు ఆనించి ఉంది. నల్లటి సిరా మధ్య, బ్లేడు గీకిన చోట, ఒక్క తెల్లచుక్క.