ఏసమ్మ ఓడిన ఆటలు

దయామణి పేకముక్క పట్టింది మొగుడు యుద్ధానికి పోయినాకనే. అంతకుముందు ఆమెకు ఇస్పేటేదో కళావరేదో తెలీదు. మిషన్ బడిలో అయిదు దాకా చదివి, పేకాట పాపమని పాస్టరయ్య చెప్తే నిజమని నమ్మిన పిల్ల. అట్లాంటి పిల్లను తీసుకొచ్చి ఏ ఇంట్లో ఇచ్చినారు? ఆదివారం ఆరాధన కాంగానే ఇంటికొచ్చి, సంగటి తిని, పాస్టరయ్య కంటబడకుండా తలుపు దగ్గరికేసి, చాప పరుచుకొని పేకాడే ఇంట్లో!

ఇదంతా మామ ఏబేలు చలవ. వయసులో ఉన్నప్పుడు ఆయన గిద్దలూరులో రైలు దొరల బంగళాలో వంట చేసినాడు. అక్కడ సంపాదించింది ఒక పాత పేక కట్ట, తురుపాట, అంతే. నలుగురాట అది. ఎదురెదురుగా కూర్చున్నోళ్లు ఒక జట్టు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు; ఏ రంగును తురుపు అనుకుంటే ఆ రంగు చిన్న ముక్కయినా మిగతా రంగుల పెద్ద ముక్కను కోస్తుంది. పదమూడు పట్లలో ఏడు పట్టిన జట్టు గెలిచినట్టు. ఏబేలూ కూతురు లీదియా ఒక జట్టు, పెళ్లాం ఏసమ్మా కొడుకు కరుణాకరం ఒక జట్టు. తల్లీకొడుకులు కూర్చుంటే ఇంక చెప్పాల్నా, వాళ్లకు నోటితో పనిలేదు. వాడు కనుబొమ్మ కదిపితే ఈమె ముక్క వేసేది.

కరుణాకరం మార్కాపురం పలకరాయి గనిలో కూలికి పోయేవాడు. పంతొమ్మిది వందల నలభై రెండు క్రిస్మసు పోయిన వారానికి పటాలంలోని పయనీరు దళంలో చేరినాడు. తుపాకి పట్టే పని కాదమ్మా, రోడ్లేసే పనే అన్నాడు. రైలెక్కేటప్పుడు కూడా వానికి ఎగతాళే. "నేను లేకుంటే ఒక్క ఆటన్నా గెలుస్తావా అమ్మా?" అన్నాడు. ఏసమ్మ నవ్వలేదు.

నెల రోజులు ఆ ఇంట్లో చాప పరచలేదు. ఆదివారం పూట మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చచ్చిపోతున్నారు. కడకు ఏబేలే, "దయమ్మా, రా, వాని చోట్ల కూచో" అన్నాడు. పాపం గదా మామా అనింది దయామణి. "పాపమైతే నా లెక్కలో రాసుకుంటాన్లే, కూచో" అన్నాడు ముసలాయన.

మొదట్లో దయామణి ఆట ఏం ఆటలే! ఆసుకూ జాకీకీ ఏది పెద్దదో అడిగి అడిగి లీదియా ప్రాణం తీసింది. "వొదినా, పడిన ముక్కలు గుర్తు పెట్టుకో. పడనిది ఎవరి చేతిలో ఉందో ఆలోచించు. అంతే ఆట" అని లీదియా నేర్పించింది. కూలికి పోయే పలకల కార్ఖానాలో పలకలు నునుపు చేస్తా చేస్తా దయామణి మనసులోనే పదమూడు ఆఠీన్లు, పదమూడు డైమన్లు వల్లించుకునేది. పక్కన కూర్చున్న ఆడోళ్లు ఇదేదో కీర్తన అనుకున్నారు.

ఎందుకంత పట్టుదల అంటే, అత్త చేత ఒక్క మంచి మాట అనిపించుకోవాలని. పెళ్లయి ఏడాదిన్నర. కడుపు పండలేదు, కట్నం పట్టుకొచ్చిన పిల్ల కూడా కాదు. ఏసమ్మ తిట్టేది కాదు గానీ, పలకరించేది కూడా కాదు. ఆయన చోట్ల కూర్చున్నదాన్ని, ఆయన మాదిరే గెలిపిస్తే అత్త నా పక్క చూస్తుంది అనుకుంది. ఈస్టరుకు ముందు వచ్చిన జాబు తర్వాత కరుణాకరం దగ్గరనుంచి జాబు లేదు. అత్తాకోడళ్లిద్దరికీ బెంగ ఒకటే. ఒకరికొకరు చెప్పుకోవచ్చు గదా! చెప్పుకోలేదు.

ఆట నేర్చినాక దయామణికి ఒక సంగతి తెలిసొచ్చింది. తన జట్టు ఓడేది తన చేతగానితనం వల్ల కాదు, అత్త వల్ల. తను ఆసు వేస్తే దానిమీద అత్త రాజు వేసి పారేస్తుంది. తురుపు ఉండి కూడా కొయ్యదు. "ముసల్దానికి చూపు తగ్గినట్టుంది" అనుకుంది దయామణి. సరే, ఇద్దరి ఆటా నేనే ఆడతాను అనుకుంది.

ఆగస్టులో ఒక ఆదివారం. వాన లేదు, ఇంట్లో ఉక్క. తురుపు ఇస్పేటు. దయామణి ఒంటి చేత్తో ఆరు పట్లు లాగింది. ఇంకొక్కటి కావాల. లీదియా ఆఠీను రాజు వేసింది. ఏసమ్మ ఆఠీను అయిదు వేసింది. ఏబేలు ఏదో పనికిరాని ముక్క పడేసినాడు. దయామణి చేతిలో ఆఠీన్లు లేవు. ఒక్క ఇస్పేటు మూడు ఉంది. దాంతో కోసింది.

"ఏడు! గెలిచినాం అత్తా!" అని చాప మీదనుంచి లేచి నిలబడింది. ఏబేలు, "ఓసినీ! కరుణాకరం తర్వాత నువ్వేనే!" అని తొడ చరిచినాడు.

ఏసమ్మ చేతిలో ముక్కలు కిందపెట్టింది. పైన ఆఠీను ఆసు ఉంది. రాజును కొట్టే ముక్క చేతిలో పెట్టుకొని ఆ మనిషి అయిదు వేసింది.

"అదేందత్తా, ఆసుండి..."

"ఎవరు గెలవమన్నారే నిన్ను?" అనింది ఏసమ్మ. "వాడు లేకుండా ఒక్క ఆట గెలవను ప్రభువా, వాణ్ణి తెచ్చియ్యి అని మొక్కుకున్నాను. ఏడు నెలలు ఓడుకుంటా వచ్చినాను. నీకు మొగుడు కావాల్నా, ఆట కావాల్నా?"

దేవునికి పేకాట మొక్కు మొక్కినోళ్లని ఎక్కడన్నా చూసినామా! ఏబేలు అదే అన్నాడు, నవ్వబోయినాడు, పెళ్లాం మొహం చూసి మానుకున్నాడు. ఆ రోజుతో పేక కట్ట పెట్టెలోకి పోయింది.

ఇట్లాంటివి నమ్మకూడదని దయామణికి తెలుసు. తెలిస్తే ఏం లాభం? పడుకుంటే ఆ ఇస్పేటు మూడే కండ్లకు కట్టేది. ఆయన్ను నేనే చంపుకున్నానా అనుకునేది. పాస్టరయ్యను అడుగుదామంటే పేకాట సంగతి బయటపెట్టాల. టపా మనిషి వీధిలోకి వస్తే ఇంట్లోకి పోయి దాక్కునేది. అన్నం సయించక మనిషి సగమైంది. అత్త చూస్తా ఊరుకుంది.

అక్టోబరులో జాబు వచ్చింది. చంద్రశేఖరపురం దిక్కు మనిషి, యల్లయ్య అంట, కరుణాకరంతో పాటు దళంలో పనిచేసినోడు, తెలుగులో రాసినాడు. ఇంట్లో చదవను వచ్చింది దయామణికే. అందరూ చుట్టూ చేరినారు. ఆమె నిలబడే చదివింది.

సర్కారు వాళ్లు మీకు ఈసరికే తెలియజేసి ఉంటారనుకున్నాను, తెలియజేయలేదని మీ పక్కూరోళ్ల జాబు వల్ల తెలిసింది, కరుణాకరం అస్సాం ఆసుపత్రిలో చలిజ్వరంతో ఏప్రిలు పద్నాలుగో తేదీ చనిపోయినాడు, నేను పక్కనే ఉంటిని, అని ఉంది.

లీదియా ఘొల్లుమనింది. ఏబేలు గోడకు ఆనుకొని కూలబడినాడు. దయామణి మాత్రం ఆ తేదీ దగ్గరే ఆగిపోయింది. మళ్లీ చదివింది.

"ఏప్రిలత్తా!" అని అరిచింది. "ఏప్రిల్లోనే పోయినాడు! ఆట గెలిచింది ఆగస్టులో! నా వల్ల కాదత్తా, నేను కాదు!"

ఆ గొంతులో ఉన్నది సంతోషమే. అందరికీ వినపడింది, ఆమెకు కూడా వినపడింది. మొగుడు పోయినాడన్న మాట ఆ తర్వాతనే తలకెక్కింది. సిగ్గుతో జాబు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఏసమ్మ ఏడవలేదు. వేళ్ల మీద ఏదో లెక్కబెట్టుకుంది. ఏప్రిలు, మే, జూను, జులై. మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టుకుంది. తర్వాత కోడలి పక్కకు తిరిగింది. పెళ్లయినప్పటినుంచి ఆమె దయామణి మొహంలోకి అట్ల నేరుగా చూసింది లేదు.

"అయితే దయా, ఆ నాలుగు నెలలు నేను ఎవరి కోసరం ఓడినానే?"

జాబులో ఇంకా కొన్ని వరుసలు మిగిలినాయి. చదవమని ఎవరూ అడగలేదు.