అందరి పేర్లూ

తన పిల్లకు దేవుడంటే భయమొక్కటే మిగులుతుందేమోనని, అన్నిటికంటే ఆమెకు అదే భయం, ఇప్పుడు ఆ భయం కూడా మొద్దుబారిపోయింది, బట్టల కంపెనీలో మిషను సూది కింద చొక్కా కాలరు తిరుగుతోంది, కాలు దానంతటది తొక్కుతోంది, ఇంకో కాలరు, ఇంకోటి, పొద్దున పిల్ల గోడవైపు తిరిగి కూర్చుని పేర్లు చదువుతూనే ఉంది, నాన్న, నానమ్మ, కిందింటి అత్త, కుంటి పిల్లి, అమ్మ, మళ్లీ నాన్న, కంచంలో అన్నం అలాగే చల్లారిపోయింది, తినవే బుడంకాయా అంటే ఉండమ్మా, మధ్యలో ఆపితే మళ్లీ ఎవరికో ఏదో అవుతుంది అంది, అలాంటి మాట తను నేర్పిందా, నేర్పలేదు, ముద్ద ఎత్తేముందు అందరి పేర్లూ చెప్పుకో, నువ్వు చెప్పినవాళ్లని దేవుడు చూసుకుంటాడు అని మాత్రం నేర్పింది, మొన్న ఆకలి మీద పిల్ల నాన్న పేరు మరిచిపోయింది, ఆ సాయంత్రమే, గోడలకు రంగులేసే నాన్న నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఐదేళ్ల బుర్ర ఈ రెంటినీ ముడేసుకుంది.

కట్టు కట్టిన కాలు చాపుకుని మొగుడు నవ్వాడు, నీ కూతురు దేవుడికి హాజరు వేస్తోందే, ఒక్క పూట నా పేరు పిలవడం మరిచిందో లేదో నా కాలు విరిగింది అని, ఆ మాట పిల్ల చెవిన పడింది, వీపు బిగుసుకుంది, అది చూసి నవ్వు ఆపేసి, నీకు ముందే చెప్పాను, పెద్దయ్యాక కావాలంటే దేవుణ్ణి అదే వెతుక్కుంటుంది, ఇప్పట్నించే దాని నెత్తినెందుకు అన్నాడు, తప్పేముంది ఆ మాటలో, కానీ పెద్దయ్యాక నేర్చుకుంటుందిలే అని మాటలు నేర్పడం ఆపుతామా, అమ్మ పోయాక ఏడో తరగతిలో బడి మానిపించి తనను వంటింట్లో నిలబెట్టినప్పుడు, తనకంటూ మిగిలింది అమ్మ నేర్పిన ఈ పేర్లే, చెప్పుకుంటుంటే ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది, అదే కదా పిల్లకిచ్చింది, కప్పుకోమని దుప్పటి ఇస్తే పిల్ల మూట కట్టి నెత్తినెత్తుకుంది, పక్క మిషను అక్క మోచేత్తో పొడిచి ఏమే పిల్లా, కాలరు తిరగేసి కుడుతున్నావు, మనసు ఇంట్లో పారేసుకొచ్చావా అంది, అవునక్కా అంది, విప్పింది, దారం పుటుక్కుమంది, ఏడుపేమీ రాలేదు.

విప్పిన దారం వేలికి చుట్టుకుంటూ ఆ వరస పెదవుల మీదే చదివింది, నాన్న, నానమ్మ, అత్త, పిల్లి, అమ్మ, అక్కడితో అయిపోయింది, మళ్లీ చదివినా అక్కడే ఆగింది, పిల్ల పేరు ఎక్కడా లేదు, ఎందుకుంటుంది, నన్నూ చూడు అనుకోవచ్చని తను చెప్తే కదా, తనకు అమ్మ చెప్తే కదా, ఇన్నేళ్లలో తన పేరు తను ఒక్కసారీ అనుకోలేదు, అందరికీ కాపలా కాయడం నేర్పింది గాని ఆ కాపలాలో నువ్వూ ఉన్నావే అని నేర్పలేదు, దేవుణ్ణి నేర్పడం తప్పో ఒప్పో మొగుడూ తనూ తర్వాత తేల్చుకుంటారు, ముందు ఈ మాట చెప్పాలి, గంట కొట్టేదాకా మిషను వదలడానికి లేదు, ఆయన నొప్పి మాత్రల మత్తులో పడుకుని ఉంటాడు, మీలో ఎవరైనా ఆ ఇంటి మెట్లవైపు వెళ్తుంటే, రెండో అంతస్తులో, రంగు మరకల నిచ్చెన ఆనించి ఉన్న తలుపు, ఒక్కసారి తొంగి చూడండి, గోడవైపు తిరిగి కూర్చునుంటుంది, ఏమ్మా తిన్నావా అని అడగండి, నీ పేరు కూడా చెప్పుకున్నావా అని అడగండి.